గుడ్డ కప్పిన ముడి

సరస్సు నీటిలో కొయ్యకాళ్ళపై నిలిచిన ఆ ఊరిలో బిడ్డ పుట్టినప్పుడల్లా దోమితిలా ముసలమ్మ తన వలలో తండ్రి పేరిటి దారానికి ఒక ముడి వేసేది. తల్లి చెప్పిన తండ్రి అసలు తండ్రి కాకపోతే, తెల్లవారేసరికి ఆ ముడి తానే జరిగి అసలు తండ్రి దారానికి, తన చోటికి, చేరుకునేది. అందులో వింతేమీ లేదని ఊరి భావన. వలలో ఒక మూలను మాత్రం ముసలమ్మ నలభై ఎనిమిదేళ్ళుగా గుడ్డ కప్పి ఉంచింది.

ఆ ఊరిలో వణుకు జబ్బు ఉంది. నలభై దాటాక ముందు చేతులు మాట వినవు. ఆపై కాళ్ళు, నాలుక. ముసలమ్మ భర్త కసిమిరో అలాగే పోయాడు, పెద్దకొడుకూ అలాగే పోయాడు. కసిమిరో రక్తానికి చుక్కాని ఇవ్వరాదని పడవల సంఘం తీర్మానించింది. అందువల్ల పెద్దకొడుకు కూతురు ఒమైరా, చిన్నకొడుకు కూతురు నియెవెస్ రేవులో చేపలు శుభ్రం చేసేవారు. నియెవెస్‌కు చుక్కాని తప్ప వేరే కోరిక లేదు.

జబ్బు తెచ్చే జన్యువును వెతుకుతూ రాజధాని నుంచి వచ్చిన డాక్టర్ ఇరాలా మూడేళ్ళుగా అందరి రక్తం తీసుకుని, సంఘం చావడి గోడపై వంశవృక్షం గీసింది. ఒక్క కొమ్మ దగ్గర లెక్క కలవడం లేదు.

"మీ నాన్నగారి నమూనా మారిపోయినట్టుంది, నియెవెస్," అంది మెల్లగా. "ఈ కొమ్మ తీసేస్తాను."

"నమూనా మారలేదమ్మా," అంది మూలన కూర్చున్న దోమితిలా. "మొగుడే మారాడు."

వల తెచ్చి గుడ్డ లాగేసింది. చిన్నకొడుకు ముడి, తొంభై ఏళ్ళు చెయ్యి వణకకుండా బతికిన ఐసు అమ్మే పెలాయో దారానికి వేలాడుతోంది.

"సిగ్గు లేదా ముసలిదానా?" అన్నాడు సంఘం పెద్ద.

"ఉండేది నాయనా. ఇన్నేళ్ళూ గుడ్డ కింద దాచుకున్నాను. ఈ పిల్ల చేతులకంటే అది ఎక్కువా? రాసుకో డాక్టరమ్మా, పెద్ద అక్షరాలతో రాయి."

ఇరాలా కొమ్మను సరిదిద్దింది. వానలు వచ్చేనాటికి, జబ్బుపడ్డవారందరికీ ఉమ్మడిగా ఉన్న గుర్తు ఒక క్రోమోజోము కొసన దొరికింది. జన్యువు ఎక్కడుందో తెలిసింది. సంఘం పెద్ద నియెవెస్‌ను పిలిపించాడు.

"నువ్వు కసిమిరో రక్తం కాదు. రేపటి నుంచి చుక్కాని నీది."

"మరి ఒమైరా అక్క?"

"ఆమె సంగతి వేరు."

"పోవే," అని నవ్వింది వెంట వచ్చిన ఒమైరా. "నీ పీడ వదిలిందిగా. నా వంతు గాలి కూడా పీల్చుకుని రా."

నియెవెస్ నవ్వలేదు. "అక్క చేతులు ఇవాళ వణకడం లేదు, కాబట్టి ఇవాళ చుక్కాని ఆమెది. వణికిన రోజున నేను పట్టుకుంటాను. కుదరదంటే మీ చుక్కాని మీరే ఉంచుకోండి."

కుదరదని సంఘం పెద్ద, ఆమెకివ్వబోయిన పడవను మోకుతో చావడి స్తంభానికి బిగించి, తన చేత్తోనే మూడు ముళ్ళు వేసి వెళ్ళాడు.

తెల్లవారేసరికి ఆ ముళ్ళు అక్కడ లేవు. మోకు తానే నీటి మీదుగా సాగి దోమితిలా ఇంటి కొయ్యమెట్లకు అవే మూడు ముళ్ళతో చుట్టుకుని ఉంది. పడవ మెట్ల ముందే నిలిచి ఉంది. చావడి నుంచి సంఘం వారందరూ చూస్తుండగా ఒమైరా చుక్కాని పట్టుకుంది. నియెవెస్ మోకు విప్పింది.