నియోజా చెట్టు దిగిన భగతి

భగతి రెండు కాళ్ళతో మానును కరుచుకుని, కొక్కెం కట్టిన పొడుగాటి కర్రను పై కొమ్మలోకి చాచింది. కాయ తొడిమకు కొక్కెం తగిలించి ఒక్క మెలి తిప్పితే చాలు, పిడికిలిని మించిన పచ్చికాయ కొమ్మకొమ్మకూ తగులుతూ పోయి బండల మీద పడుతుంది. కింద తమ్ముడి భార్య విద్య తలమీద బుట్ట బోర్లించుకుని కాయలు ఏరుతోంది.

"చెప్పి తియ్యి వదినా, నా నెత్తి కాస్త మెత్తన."

భగతికి యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి, గట్టి పిక్కలు. ముప్పయ్యేళ్ళ బంక అరచేతుల గీతల్లో ఇంకి నల్లబడిపోయింది. జాతకం చెబుతానన్న లామా ఒకసారి ఆ చెయ్యి చూసి, ముందు కడుక్కుని రమ్మన్నాడు. ఎంత కడిగినా రేఖ కనబడలేదు. జాతకం అలాగే ఉండిపోయింది.

ఆ కొండల్లో, పప్పుగింజల కాయలు కాసే ఈ నియోజా పైన్ చెట్లెక్కేది మగవాళ్ళు. తండ్రి పోయేనాటికి భగతికి ఇరవై, తల్లి మంచంలో ఉంది, తమ్ముడు పదమ్‌కు ఎనిమిది. పెద్దయ్యాక పదమ్ ఎక్కుతాడనుకున్నారు గానీ, వాడికి పీట మీద నిలబడినా కళ్ళు తిరుగుతాయి. అందుకని కాయకోత వచ్చిన ప్రతి ఏడూ తండ్రి కోటు తొడుక్కుని ఆమే ఎక్కింది. మొదట్లో ఆడకోతి అన్నవాళ్ళే, తర్వాత తమ చెట్టు కూడా ఒకసారి చూసిపెట్టమని వచ్చారు. చిటారున ఉన్న కాయలను మాత్రం ఆమె ఎప్పుడూ ముట్టలేదు. అవి చెట్టువే అనేది. మొక్క మొలవడమే అరుదైన చెట్టు మరి.

ఈ ఏటి కోతకు అదే ఆఖరు రోజు. కర్ర వెనక్కి లాక్కుంటూ ఆమె లోయలోకి చూసింది. సట్లెజ్ మీది వేలాడే వంతెనపై ఇద్దరు నడుస్తున్నారు. ఒకతను ఎడమకు ఒరిగి నడుస్తున్నాడు. భగతి నవ్వు ఆపుకోలేక మానుకు చెంప ఆనించింది.

అతను ఛోపెల్. ఆమెకు ఇరవై రెండేళ్ళప్పుడు అతని మేనమామ పెళ్ళి అడగడానికి సారా సీసా తెచ్చాడు. తల్లినీ తమ్ముణ్ణీ చూసుకుని, భగతి దాన్ని తెరవకుండానే తిప్పి పంపింది. అతను వేరే పెళ్ళి చేసుకున్నాడు. భార్య పోయి ఏడేళ్ళయింది. మొన్న వసంతంలో జాతరలో ఎదురుపడి, ఇంకా చెట్లెక్కుతున్నావా అని అడిగాడు. ఎక్కుతున్నానంది. అయితే కోత అయ్యాక వస్తానన్నాడు. అంతే. ఆమె ఎవరికీ చెప్పలేదు, వంతెన వైపు చూడడం మాత్రం మానలేదు.

ఆ చెట్టు కోత పూర్తిచేసే దిగింది. అప్పటికే ఛోపెల్ ముసలి మేనమామ చెట్టు నీడలో కూర్చుని, మూతికి వెన్న రాసిన సారా సీసాను, కాయలు మోసుకెళ్ళడానికి వచ్చిన పదమ్ ముందు పెట్టాడు. ఇంటి మగవాడు దాన్ని తెరిస్తే పిల్లను ఇచ్చినట్టే. పదమ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని అక్క ముఖం చూశాడు. ఇష్టమేనా అని అడిగాడు.

"ఇష్టం సంగతి తర్వాత. ఈ చెట్లెవరెక్కుతారు?"

పదమ్ లేచాడు. కర్ర తీసుకుని మాను దగ్గరికి వెళ్ళాడు. విద్య వద్దంటున్నా వినకుండా, గట్టిగా కళ్ళు మూసుకుని, మనిషెత్తు పైకి పాకాడు. గాల్లో నాలుగుసార్లు కర్ర ఊపాక ఎక్కడో మిగిలిపోయిన కాయ ఒకటి ఊడి మేనమామ టోపీ మీద పడింది. ముసలాయన టోపీ సర్దుకుని, పిల్లాడు గురి చూసే కొట్టాడన్నాడు. అందరూ నవ్వారు. పదమ్ జారి కిందపడి, గీరుకున్న అరచేతులు చూసుకున్నాడు.

"ఈ ఏడు ఒక్క కాయ అక్కా. వచ్చే ఏడు రెండు."

భగతి అతని అరచేయి పట్టుకుని బంక మీద బొటనవేలితో రుద్దింది.

"సీసా మీద వెన్న కరిగిపోతోంది. తియ్యరా."

పదమ్ సీసా మూత తీశాడు. తమ వైపు ఆప్రికాట్ చెట్లే ఉన్నాయని, అవి మరీ పొట్టివని ఛోపెల్ చెప్పాడు. నిచ్చెన వేసుకునే వయసు తనకింకా రాలేదంది భగతి.

మధ్యాహ్నమంతా విద్య పోయినేటి గింజలను దారానికి గుచ్చి రెండు దండలు చేసింది. భగతి నూనెతో చేతులు తోముకుని, ఎంత పోతే అంతే అనుకుని, కొత్త ఉన్ని చీర కట్టి ఆకుపచ్చ టోపీ పెట్టుకుంది. దండలు మార్చుకుని, ఎండ ఎదుటి కొండ ఎక్కకముందే ఛోపెల్ ఊరికి బయల్దేరారు. వంతెన మధ్యకు చేరాక ఛోపెల్ తన దండలోంచి ఒక గింజ కొరికి, పప్పు తీసి ఆమెకిచ్చాడు. ఆమె నవ్వు ఇవతలి గట్టుదాకా వినిపించింది.

వాళ్ళను వంతెనదాకా సాగనంపి పదమ్ తిరిగొచ్చేసరికి వసారాలో ఆమె విడిచిన తండ్రి కోటు కనిపించింది. మడత పెట్టబోతే పడలేదు. బంకతో బిగుసుకుపోయిన ఆ కోటును గోడవారగా ఉంచాడు. రెండు చేతులూ ముందుకు వంగి, మాను చుట్టుకొలత పట్టేంత ఎడంగా, అది తనంతట తనే నిలబడి ఉంది.