సగం వేడిలో దాచిన వాల్వు

తుఫాను హెచ్చరిక చదవాలి. ట్రాన్స్‌మిటర్ చూస్తే నిమిషానికోసారి ఆగిపోతోంది. సముద్రంలో నలభై పడవలున్నాయి, అందులో ఒకటి మా తమ్ముడిది.

మా చిన్న రేడియో కేంద్రంలో యంత్రం చూసుకునేదీ, వార్తలు చదివేదీ నేనే. జబ్బంతా ట్రాన్స్‌మిటర్‌కి బలమిచ్చే పెద్ద వాల్వుది. ఆ గాజు బుడ్డిలో గాలి ఉండకూడదు. ఇప్పుడు నీలంగా మసక వెలుగు, అంటే లోపల వాయువు చేరింది. వేరే వాల్వు లేదు. ఆఖరిదని ఏడాదిగా కంటికి రెప్పలా చూసుకున్నాను, సగం కరెంటుకు మించి ఇవ్వలేదు, వేడెక్కనివ్వలేదు.

ఆ మాట గొప్పగా చెప్తే కొత్త ఇంజినీరమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేశావు బాబాయ్! దీని లోపలి ప్లేటు టాంటలం అనే లోహపు రేకు. అది ఎర్రగా కాలితేనే లోపల ఊరే వాయువుల్ని పీల్చుకుంటుంది. దాన్ని పస్తు పెట్టావు. ఇప్పుడైనా పూర్తి కరెంటు ఇద్దాం."

నాకు ఒళ్లు మండింది. నేనెరిగిన పాత వాల్వుల్లో ప్లేటు ఎర్రబడితే చచ్చినట్టే. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్పొచ్చిందా!

"పగిలిందో, మా తమ్ముడికి నువ్వే జవాబు చెప్పాలి," అన్నాను.

"సరే. మీట మాత్రం నువ్వే తిప్పు బాబాయ్. నీ చేతి నేర్పు నాకు రాదు."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కరెంటు కొద్దికొద్దిగా పెంచాను. ప్లేటు ముదురు ఎరుపైంది, తర్వాత నారింజ రంగుకు తిరిగింది. లోపల గాలి దాదాపు లేనట్టే కదా, వేడంతా వెలుగై గాజులోంచి బయటికి రావలసిందే. నా మొహం సెగకి చురుక్కుమంది. ఇనుమైతే మెత్తబడే వేడిలో ఆ పల్చటి రేకు ఇసుమంతైనా వంగలేదు. నీలం పలచబడి, పలచబడి, మాయమైంది. ఔరా! ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని దీని సత్తా తెలుసుకోలేదే అని సిగ్గేసింది, అంతకు మించి ముచ్చటేసింది.

హెచ్చరిక ఆగకుండా మూడుసార్లు చదివాను.

పొద్దున్నే తమ్ముడు తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డాడు.

"అందరం వచ్చేశామన్నయ్యా. ఏడాదిగా ఒడ్డు దాటితే నీ గొంతు సగం సగమే వినబడేది. నీకు వయసు మీద పడిందనుకున్నాం. నిన్న మాత్రం పక్కన కూర్చుని తిట్టినట్టు వినబడింది!"

"మిగతా సగం నేనే దాచిపెట్టానురా," అని వాడి తడి చేతులు పట్టుకుని ఏడ్చేశాను.