బల్లగుడ్డ మూలన చేతులు

పెట్టెలోంచి తెల్ల బల్లగుడ్డ తీసి మంచం మీద పరిచి, ఆమె ఒక మూలకేసి వంగి చూసింది. పోయినేడు తళతళలాడేలా ఉతికి, గంజి పెట్టకుండా, పాత నూలు దుప్పట్లో చుట్టి దాచిన గుడ్డ అది. తాళంచెవి తన దగ్గరే ఉంది. అయినా ఆ మూలన గోధుమరంగు మచ్చలు మళ్ళీ తేలాయి.

"వచ్చేసిందా నీ చుట్టం?" అన్నాడు భర్త పేపరు మడుస్తూ. "మచ్చల డాక్టరుగారికి పని పడింది! రేపు వియ్యాలవారు భోజనానికొస్తున్నారు. మా అమ్మ గుడ్డే వెయ్యాలి. నా పరువు తియ్యకు."

ఆ గుడ్డని ఉతకడం నేర్పింది అత్తగారే. "ముందు చన్నీళ్ళు. తర్వాత వెనకనుంచి సబ్బు. అప్పటికీ పోకపోతే నిమ్మరసం, ఉప్పు, ఎండ. మచ్చ పోకుండా ఇస్త్రీపెట్టె మాత్రం తగలనివ్వకే, వేడి తగిలిందా, ఇక జన్మలో పోదు." షర్బత్తులాంటి తీపి తడి కంటికి ఆనదనీ, దారాల్లో దాక్కుని నెలల తరవాత పైకొస్తుందనీ కూడా ఆవిడే చెప్పింది. ఆ మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్ళూ ధైర్యం చెప్పుకుంది. కానీ షర్బత్తుకి అయిదు వేళ్ళుంటాయా?

అత్తగారు ఏనాడూ ఆ గుడ్డ పరిచిన భోజనాలబల్ల దగ్గర కూర్చోలేదు. ఎడమ చెయ్యి ఆ మూలన ఆనించి, కుడిచేత్తో అందరికీ వడ్డించేది. "మీరూ కూర్చోండత్తయ్యా" అంటే, "మీ మామగారికి మారు ఎవరు వడ్డిస్తారే?" అనేది. ఆస్పత్రిలో ఆఖరి రోజు అందరూ మంచం చుట్టూ మూగితే, "గుడ్డ ఎండలోంచి తీశావా?" అని మాత్రం అడిగి కళ్ళు మూసింది. ఆ ఏడే మూలన మొదటి చేతి అచ్చు తేలింది, అత్తగారిది. ఆవిడ తర్వాత అదే మూలన నిలబడి వడ్డిస్తూ వచ్చింది తనే. కొన్నేళ్ళకి పక్కనే రెండోది. తలుపులో నలిగి వంకరపోయిన చిటికెనవేలుతో సహా అది తన చెయ్యే. ఎవరికీ చెప్పలేదు. ఏటా ఉతికి పోగొడుతూ వచ్చింది.

ఈసారి మూడోది మొదలైంది. అరచెయ్యి ఇంకా రాలేదు. సన్నని వేళ్ళ కొనలు, అంతే.

"అత్తయ్యా, నేను నానబెట్టనా?" అంటూ కొత్తకోడలు లోపలికొచ్చింది. "ఇకనుంచి ఇది నా పనేనట, మామయ్యగారు చెప్పారు. రేపు వడ్డించాలని ఆఫీసుకి సెలవు కూడా పెట్టేశా." చూద్దామని వంగి ఎడమ చెయ్యి గుడ్డ మీద ఆనించింది. వేళ్ళు సరిగ్గా ఆ కొనల మీదే పడ్డాయి. "భలే, నా కొలతే!" అని పకపకా నవ్వింది.

"తియ్యి! ముందు చెయ్యి తియ్యి!"

ఆ గొంతుకి పిల్ల బెదిరిపోయింది. ఆమె తొట్టిలో చన్నీళ్ళు పట్టి, ఆ వేళ్ళ కొనల్ని మాత్రం ముంచి రుద్దింది. సబ్బు, నిమ్మరసం, ఉప్పు. ఎండలో వేసి, తీసి, మళ్ళీ రుద్దింది. పొద్దువాలేసరికి అక్కడ తెల్లటి నేత తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇప్పుడు ఇస్త్రీపెట్టె వేడిచెయ్యమ్మా."

"మిగతా రెండు మచ్చలూ పోలేదుగా అత్తయ్యా?"

"అందుకే."

ముందు అత్తగారి చేతి మీద, తర్వాత తన చేతి మీద ఇస్త్రీపెట్టె నిదానంగా నొక్కింది. పంచదార మాడిన వాసన వేసింది. రెండు చేతులూ ముదురు రంగుకి తిరిగి, నేతలో నిలిచిపోయాయి.

మర్నాడు గుడ్డ పరవగానే భర్త మొహం మాడిపోయింది. "ఇదేమిటి? మచ్చలు అలాగే ఉన్నాయే! వాళ్ళు గుమ్మంలో ఉన్నారు!"

"చూడనివ్వండి. ఒకటి మీ అమ్మది, ఒకటి నాది."

గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టి, ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకోండని వచ్చినవాళ్ళకి నవ్వుతూ చెప్పింది. ఆ మూల దగ్గరికి మూడు కుర్చీలు లాక్కొచ్చింది. ఒకదాంట్లో కోడల్ని కూర్చోబెట్టి, ఒకదాంట్లో తను కూర్చుంది.

"మూడోది ఎవరికి?" అన్నాడు భర్త.

ఆమె అత్తగారి చేతి అచ్చు ముందు ఒక కంచం పెట్టింది. ఖాళీ కుర్చీ, ఎవరూ ముట్టకుండానే, బల్ల దగ్గరికి జరిగింది.