వర్‌బ్రూక్ నాలుగో పాటలో ఒక కాగితం

సత్యప్రసాద్ ముఖం చూస్తేనే శాంతిప్రియకు ఒళ్లు మండేది. గల్ఫ్ దేశంలో, అల్ ఖూజ్‌లో గోదాముల మధ్య అతనిది పియానోల షోరూము. కాకినాడ మనిషి. మనవైపు వాడే కదా అని మొదట్లో కాస్త సంబరపడింది కూడా. ఆ సంబరం మొదటి రోజే తీరిపోయింది. "మేడంగారి పనమ్మాయివా? ఆ కాగితాలు బల్లమీదెట్టి బయట కూర్చో. వేలిముద్రలు పడనీకు," అన్నాడు.

ఆ కాగితాలు పియానో స్వరాలు రాసిన పాత ప్రతులు. శాంతిప్రియ పనిచేసే ఇంటావిడ లీవ మేడమ్‌ది బెల్జియం. భర్త ఖోర్ ఫక్కాన్ ఓడరేవులో పనిచేసి అక్కడే పోయాడు. ఆవిడ ఆ ఊరు వదల్లేదు. హాలెండు, బెల్జియం దేశాల్లో ఒకప్పుడు పాటలు కట్టి, ఇప్పుడు సొంత ఊళ్లో కూడా ఎవరికీ గుర్తులేనివాళ్ల స్వరాలు ఆవిడ దగ్గర రెండు బీరువాల నిండా ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద అలాంటివి వెతుక్కునే పిచ్చివాళ్లు ఓ నలభై మంది ఉంటారు. ఎవరికి ఏది దొరికినా స్కాన్ చేసి మిగతావాళ్లకు పంపడం వాళ్ల పద్ధతి. మేడమ్ ప్రతులు పెద్దవి, ఇంట్లో స్కానర్‌లో పట్టవు. పెద్ద స్కానర్ సత్యప్రసాద్ దగ్గరుంది. అందుకని నెలకోసారి శాంతిప్రియ బస్సెక్కి వాటిని మోసుకెళ్లేది.

అతగాడు ఊరికే స్కాన్ చేసి ఊరుకుంటే బాగుండేది. తన పేరు చూసుకోకపోతే అతనికి అన్నం అరగదు. ప్రతి పేజీకీ అడ్డంగా, స్వరాల మీదుగానే, 'సత్యప్రసాద్ సేకరణ' అని నీలం అక్షరాలు వేసి పంపేవాడు. శాంతిప్రియ మేడమ్‌కు చెప్పింది.

"వేసుకోనీ. పాట వెళ్లింది కదా," అంది మేడమ్. ఆవిడకు చూపు తగ్గింది, ఆ నీలం రాత కనపడదు. శాంతిప్రియకు కనపడుతుంది.

శాంతిప్రియకు స్వరాలు చదవడం వచ్చు. నరసాపురం దగ్గర వాళ్ల చర్చి పాటల బృందంలో పదేళ్లు ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడింది. మేడమ్ చేతులు వణకడం మొదలయ్యేదాకా, తొమ్మిదేళ్లపాటు పక్కన నిలబడి ఆవిడకు పేజీలు తిప్పింది. ఆ పనిలో క్షమించరాని తప్పు ఒక్కటే, రెండు కాగితాలు కలిపి తిప్పేయడం. వాయించేవాళ్లు ఉన్నట్టుండి గోతిలో పడతారు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ తప్పు చెయ్యలేదని ఆమెకు లోలోపల గర్వం.

2023 ఫిబ్రవరిలో మేడమ్ బీరువా అడుగునుంచి ఒక కట్ట తీయించింది. ఆవిడ గురువు మార్తా వర్‌బ్రూక్ చేత్తో రాసిన, కాలువల మీద కట్టిన ఆరు పియానో పాటలు. ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకో ప్రతి లేదు.

"నేను బతికుండగా ఇవి ఎవరైనా వాయిస్తే వినాలి. ఇంకేమీ అక్కర్లేదు," అంది.

ఈ రాత మీద కూడా వాడి పేరు పడుతుందన్న ఊహే శాంతిప్రియ భరించలేకపోయింది. ఆ రాత్రే నాలుగో పాటలోంచి ఒక కాగితం తీసి తన సూట్‌కేసులో దాచేసింది. గుడ్డిగా తియ్యలేదు. ముందు పేజీ చివర, తర్వాతి పేజీ మొదలు పైపైన చూస్తే ఇట్టే అతుక్కునే చోటు చూసి మరీ తీసింది. పేజీల మీద అంకెలు ఎలాగూ లేవు. షోరూము ముదీర్‌గారు, అదే యజమాని సత్యప్రసాద్, చూసుకోకుండా పంపి గొప్పలు పోతాడు. నెల తిరిగాక కాగితం బయటపెడితే ఆయనకు స్వరాలే రావని నలభై మందికీ తెలుస్తుంది. అదీ ఆమె ఎత్తు.

అతను చూసుకోకుండానే అందరికీ పంపేశాడు. కానీ నెల తిరగలేదు. మూడు వారాలకే బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో ఎవరో అమ్మాయి ఆరు పాటలూ వాయించి, రికార్డు చేసి పంపేసింది. అందరూ సత్యప్రసాద్‌ను ఆకాశానికెత్తారు.

మేడమ్ పొద్దున్నే స్నానం చేసి, మంచి గౌను వేసుకుని స్పీకర్ ముందు కూర్చుంది. మూడు పాటలయ్యేసరికి ఆవిడ బుగ్గలు తడిసి ఉన్నాయి. నాలుగోది సగంలో తలెత్తింది.

"అయ్యో పాపం," అంటూ మేడమ్ నవ్వింది. "ఆ అమ్మాయికి పేజీలు తిప్పినవాళ్లెవరో రెండు కలిపి తిప్పేశారు! అసలు పాటంతా అక్కడే ఉంది. ఉత్తరం రాయి శాంతీ. కోప్పడకు. తిప్పేమనిషిని మాత్రం మార్చుకోమను."

మేడమ్ ఉత్తరాలన్నీ టైపు చేసేది శాంతిప్రియే. కాఫీ తెస్తానని వంటింట్లోకి పోయి, తను దాచిన సంగతి బయటపడకుండా కాగితం చేర్చేద్దామని సత్యప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"నాలుగో పాటలో కాగితం ఒకటి ఇక్కడే ఉండిపోయిందండి."

"ఉండిపోయిందా, దాచేవా?"

ఆమె వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"నీకు నోట్స్ చదవడం వచ్చా?"

"వచ్చండి."

"అంటే నన్ను ఎదవని చేద్దావనుకున్నావన్నమాట. సరేలే. రేపు పట్టుకురా. పాత పియానో స్టూల్లో నాకే దొరికిందని రాసేత్తాను. నీ పేరు రాదు, ముసలావిడికీ తెలీదు. ఖలాస్."

ఒప్పుకుంటే గండం గడిచినట్టే. పాట పూర్తవుతుంది, మేడమ్ వింటుంది. కానీ తన పరువు ఇకమీదట వాడి జేబులో ఉంటుంది, ఆ కాగితం కూడా వాడి గొప్పల్లో కలిసిపోతుంది. ఆమెకు వాడి మీద కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. తన మీద తనకు అసహ్యం కూడా వేసింది.

"వద్దండి. నేనే రాసుకుంటాను."

"రాసుకో! నలభై మందీ మొహానుమ్మేత్తారు. మళ్లీ నా గుమ్మం తొక్కేవంటే చూడు."

"తొక్కనండి," అని పెట్టేసింది.

సూట్‌కేసులోంచి కాగితం తెచ్చి మేడమ్ ఒళ్లో పెట్టింది. చూపు ఆనకపోయినా ఆవిడ వేళ్లు ఆ కాగితాన్ని గుర్తుపట్టాయి. శాంతిప్రియ దాచకుండా అంతా చెప్పింది. ఆయన తన పేరు వేసుకోవడం చూడలేకపోయానంది.

మేడమ్ చాలాసేపు కాగితం తడుముతూ కూర్చుంది.

"ఆయన కాగితం పాడుచేశాడు," అంది చివరికి. "నువ్వు పాట పాడుచేశావు."

శాంతిప్రియ ఏడుస్తూ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. మేడమ్ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. "లేచి, ఉత్తరం రాయి. నా పేరుతో కాదు."

శాంతిప్రియ కిటికీ దగ్గర కాగితం పరిచి ఫోనుతో రెండువైపులా ఫోటో తీసింది. కాగితం దాచింది తనేనని, తప్పు ఆంట్వెర్ప్ అమ్మాయిది కాదని, సత్యప్రసాద్‌ది కూడా కాదని రాసింది. 'కాదని' దగ్గర పళ్లు కొరుక్కుంది. కింద తన పేరు టైపు చేసింది. మేడమ్ తరఫున వందల ఉత్తరాలు రాసింది కానీ, ఆ నలభై మందికీ ఈ ఇంట్లో శాంతిప్రియ అనే మనిషి ఉందని ఈ పూటదాకా తెలియదు.

పంపడానికి చెయ్యి రాలేదు.

"నొక్కావా?" అంది మేడమ్, తల తిప్పకుండానే.

నొక్కింది.