జోడెద్దులాయన ఇంటర్వ్యూ

మా మేనేజరుకి ఆఫీసులో మేం పెట్టుకున్న పేరు జోడెద్దులాయన. బల్లమీద రెండు మానిటర్లు పక్కపక్కన కట్టేసుకుని, ఒక్కదానితో పనిచేసేవాడు పనివాడే కాడని రోజూ ఊదరగొడతాడు. మందుల పెట్టెల్లో మడిచిపెట్టే సూచనల కాగితాలను అనువదించి, తప్పులు దిద్దే పని మాది. మూలం ఒక తెరమీద, అనువాదం ఇంకో తెరమీద ఉంటే సుఖమే, కాదనను. నాకూ రెండున్నాయి. కానీ ఆయన ఎడమ తెరమీద పొద్దస్తమానం ఉండేది మూలమూ కాదు, అనువాదమూ కాదు. పేకాట.

ఆ రోజు ఇంటినుంచే తప్పులు దిద్దే ఉద్యోగానికి వీడియోలో ఇంటర్వ్యూ. అడిగేది ఆయన, రాసుకునేది నేను. ఏళ్ల తరబడి ఆయన పక్క కుర్చీయే నాది కాబట్టి రెండు తెరలూ కనిపిస్తూనే ఉన్నాయి. కుడి తెరలో ఒక అమ్మాయి, ఎడమ తెరలో పేకముక్కలు. రాతపరీక్షలో అందరికంటే ముందున్న అమ్మాయి. ఉన్న ఉద్యోగం ఊడిందనీ, ఇది వస్తేనే ఇల్లు గడుస్తుందనీ మొదటే చెప్పింది.

"మానిటర్లు ఎన్నున్నాయి మీకు?" అన్నాడు.

"లాప్‌టాప్ ఒక్కటే సార్. తెరని రెండు సగాలు చేసుకుని చూస్తాను."

"ఒక్కదాంతో ఏం పనవుతుందమ్మా?" అని పెదవి విరిచి, ఎడమ తెరలో ఒక ముక్క జరిపాడు.

కాసేపటికి, ముందడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగాడు. పాపం, ఆ అమ్మాయి విసుక్కోకుండా మళ్లీ జవాబు చెప్పింది.

"మీరు మాటిమాటికీ పక్కకి చూస్తున్నారు," అన్నాడు ఉన్నట్టుండి. "అక్కడ ఇంకో మానిటర్ పెట్టుకుని జవాబులు చదువుతున్నారా ఏంటి?"

ఒక్కటే ఉంటే పనికిరాదు, రెండోది ఉంటే దొంగ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"ఒక్కటే ఉందని ఇందాక మీరేగా సార్ పెదవి విరిచింది," అన్నాను.

"మీరు రాసుకోండి మేడం," అని నా నోరు మూయించి, "లాప్‌టాప్ తిప్పి గది చూపించండి," అన్నాడు ఆ అమ్మాయితో.

ఆమె ముఖం చిన్నబోయింది. లాప్‌టాప్ తిప్పింది. పెచ్చులూడిన గోడ, తీగమీద ఆరేసిన బట్టలు, చాపమీద చుట్టూ దిండ్లు అడ్డంపెట్టి పడుకోబెట్టిన చంటిపిల్ల. ఇంకో మానిటర్ కాదుకదా, ఆ గదిలో ఇంకో కుర్చీ కూడా లేదు.

తప్పయిందంటాడనుకున్నాను. నా పిచ్చిగాని.

"ఓహో, పిల్ల ఉందన్నమాట. ఇంక పనిమీద ధ్యాసేం ఉంటుంది?"

ఆ అమ్మాయి లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "పిల్ల లేచిందేమోనని చూశాను సార్. అయినా మీరడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను. మీ కళ్లజోడులో పేకముక్కలు కనిపిస్తున్నాయి."

ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తర్వాత కాల్ కట్ చేశాడు. ఎడమ తెర మాత్రం మూయలేదు.

"ఎంత పొగరో చూశారా! పనిమీద ధ్యాస లేదని రాయండి మేడం."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ అమ్మాయి పేరు చెప్పండి సార్, రాస్తాను."

కుడి తెరకేసి చూశాడు. అది ఖాళీగా ఉంది. "పేరుతో పనేముంది? పిల్లతల్లి అని రాయండి, చాలు."

థూ అనబోయి మింగాను. ఆ మనిషి పక్కన ఇన్నాళ్లు ఎలా కూర్చున్నానా అని నామీద నాకే రోత పుట్టింది. కాగితం, పెన్ను ఆయన ముందుకి తోశాను.

"నాకూ ఇద్దరు పిల్లలు సార్. ఆ మాట మీరే రాసి, దాని కింద నా పేరు కూడా రాసుకోండి. రేపట్నుంచి నేను రాను."

ఆయన పెన్ను అందుకున్నాడు. రాయబోయి, ఆగి, నావైపు చూశాడు.

"మీ పేరేంటి మేడం?" అన్నాడు.