స్కోగ్లీ ఎవరి పేరు

మా అమ్మ గున్వోర్ నోరు మంచిది కాదని అమెరికాలో ఈ డకోటాకి వలసొచ్చిన మా నార్వే వాళ్ళందరూ అంటారు. అననీయండి. ఆ నోరే లేకపోతే ఆ ఆదివారం చర్చిలో నేను తలదించుకుని నిలబడేదాన్ని.

ఈడొచ్చిన పిల్లల్ని పాస్టరుగారు పేరుపెట్టి పిలిచి, అందరి ముందూ ప్రశ్నలడిగే పండుగ అది. ముందురోజు చర్చి వంటగదిలో కాఫీ తాగుతూ ఆయన, మర్నాడు ఏ పేరుతో పిలవాలని నన్నడిగారు.

"రాగ్నా స్కోగ్లీ" అన్నాను.

అంతే, మా పాలేరు ఆమున్ కప్పు కింద పెట్టేశాడు. నార్వేలో స్కోగ్లీ పొలం వాళ్ళ నాన్నది. అమ్మ వాళ్ళ నాన్న, మా తాత, ఆ పొలం అంచున గుడిసెలో ఉండి వాళ్ళకి చాకిరీ చేశాడు. ఇప్పుడా పొలం పెద్దకొడుక్కి పోయింది. రెండోవాడు ఆమున్ ఉత్త చేతులతో ఇక్కడికొచ్చి మా అమ్మ దగ్గరే పాలేరుగా కుదిరాడు. పొగరు మాత్రం ఓడలో వెంట తెచ్చుకున్నాడు.

"పాస్టరుగారూ, అది మా ఇంటిపేరండీ. గుడిసెలో వాళ్ళకి ఆ పేరెక్కడిది? తండ్రి పేరుతో పిలవండి, చాలు!"

నాకు ఏడుపొచ్చింది. రేపు ఊరంతా వింటుంది. అమ్మ మాత్రం అట్టుమీద జామ్ రాయడం ఆపలేదు.

"మీ నాన్న ఎక్కడ పుట్టాడు, ఆమున్?"

"అదెందుకిప్పుడు?"

"చెప్పు బాబూ, సిగ్గెందుకు? త్వేట్ పొలంలో పుట్టాడు. మీ అమ్మని చేసుకుని స్కోగ్లీకి ఇల్లరికం వచ్చాడు. ఆ రోజునుంచే స్కోగ్లీ అయ్యాడు. అవునా, కాదా?"

పాస్టరుగారు నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగారు.

"మనవాళ్ళలో పేరు నెత్తురుది కాదు, నేలది. మా నాన్న ఆ నేలమీదే పుట్టి, దాని బురదంతా ఎండగట్టి, అక్కడే పోయాడు. నా కూతురికి ఆ పేరు లేదంటే మీ నాన్నకీ లేదు."

"ఇక్కడ స్కోగ్లీ లేదుగా!" గొణిగాడు ఆమున్.

"లేకేం? మా ఆయన పోయాక ఈ నేలంతా నేనే దున్నాను. స్కోగ్లీ అని పేరు పెట్టాను. నువ్వుండేదీ దీనిమీదే. అందుకే నీకూ ఆ పేరు చెల్లుతోంది. ఉంచుకో, నేనేం అడ్డుపడను."

మర్నాడు పాస్టరుగారు "రాగ్నా స్కోగ్లీ" అని పిలిచారు. లేచి నిలబడి గట్టిగా జవాబులు చెప్పాను.

బయట ఒక ముసలాయన "ఈ పిల్లెవరు?" అనడిగాడు. ఆమున్ టోపీ తీసి, "మా స్కోగ్లీ పిల్లేనండీ" అన్నాడు.

అతనిమీద నా కోపం అక్కడే పోయింది. అమ్మది అంత తేలిగ్గా పోదనుకున్నాను. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడే నాన్న కుర్చీ లాగి, ఆమున్‌ని అందులో కూర్చోమంది.