సుద్దముక్కతో గీసిన భుజం

పరీక్షలు ఇంకా పదిహేడు రోజులున్నాయనగా ఒక మధ్యాహ్నం గువ్వ అనాటమీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన గంటన్నర కూర్చుంది. ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

ఆమె అసలు పేరు కాలేజీ రిజిస్టరులో ఉంటుంది. ఇంట్లో మాత్రం పుట్టిన నాటి నుంచీ గువ్వే. చదువుతున్నది ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం. రెండు పెద్ద పేపర్లు: అనాటమీ, ఫిజియాలజీ. ఫిజియాలజీ అంటే చిన్న బెరుకు. అనాటమీ అంటే మాత్రం వణుకే. మొదటి టెస్టులో యాభైకి పదకొండు వచ్చాయి. మేడమ్ తిట్టలేదు. పేపరు చేతికిస్తూ, "నువ్వు ఇంతకంటే బాగా రాయగలవనుకున్నాను" అంది. తిట్టి ఉంటే ఆ రోజుకే మరిచిపోయేదేమో. అప్పటి నుంచి ఆ పుస్తకం తెరవబోతే చాలు, ఆ మాటే చెవిలో వినిపించేది. సోమవారం నుంచి మొదలుపెడదామనుకునేది. సోమవారాలు వచ్చాయి, పోయాయి.

దానికి తోడు క్లాసువాళ్ల ఫోను గ్రూపు ఒకటి. పొద్దున లేస్తే చాలు, ఎవరో ఒకరు 'నాది రెండో రివిజన్ కూడా అయిపోయింది' అని పెట్టేవారు. అది చూసి గువ్వ ఫోను బోర్లించేది, మళ్లీ అయిదు నిమిషాలకు తిప్పి చూసేది.

తండ్రి లిఫ్టు మెకానిక్. రోజూ పొద్దున గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "ఎంతవరకు వచ్చిందే?" అని అడిగేవాడు. మొదటి వారం 'పావు వంతు' అంది. తర్వాత 'సగం' అంది. నిన్న 'ముప్పావు' అనేసింది. చదువు వేసిన చోటనే ఉంది కానీ, అబద్ధాల సిలబస్ మాత్రం చకచకా పూర్తవుతోంది. తల్లిది రైల్వే స్టేషన్‌లో టికెట్లిచ్చే ఉద్యోగం. తెల్లారకముందే వెళ్లిపోయేది కాబట్టి ఆవిడకు అబద్ధం చెప్పే అవసరం పడలేదు.

ఇంట్లో పగలంతా ఉండేది నాన్నమ్మ. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఇప్పుడు కుట్టడం మానేసింది కానీ, ఎవరు ఎదురుగా వచ్చినా ముందు వాళ్ల భుజాల కుట్టు ఎక్కడ జారిందో చూసేది.

ఆ మధ్యాహ్నం ఆవిడ వచ్చి పుస్తకం తీసుకుని, అటూ ఇటూ తిప్పి, దాని వీపు మీద బొటనవేలితో రుద్ది చూసింది.

"ముప్పావు వంతు చదివిన పుస్తకమా ఇది?"

గువ్వ పుస్తకం వెనక్కి లాక్కోబోయింది.

"తొడుక్కున్న చొక్కాకీ, మడతపెట్టి దాచిన చొక్కాకీ తేడా నాకు తెలీదంటావా? దీని నడుం ఇంతవరకు వంగనే లేదు."

గువ్వకు ఏడుపు తన్నుకొచ్చింది. చాలాసేపు ఆగలేదు. నాన్నమ్మ ఆపమని కూడా అనలేదు. పక్కన కూర్చుని, తన చీర కొంగు ఒక చివర ఆమె చేతికిచ్చి ఊరుకుంది.

"తెరిస్తే భయమేస్తోంది నాన్నమ్మా. తెరవకపోతే ఇంకా భయం."

"నాకూ అయింది ఒకసారి" అంది నాన్నమ్మ. "పెళ్లికాక ముందు మాట. ఒక స్కూలు బ్యాండువాళ్లకి ముప్పై రెండు చొక్కాలు కుట్టాలి. నేనేమో కొత్త. గుడ్డ కత్తిరించాలంటే చేతులు రావు. కోశాక మళ్లీ అతుకుతుందా? టైలరు మాస్టరు అడిగినప్పుడల్లా 'అవుతున్నాయండీ' అనేదాన్ని. ఆఖరికి వారం మిగిలిందనగా గుడ్డల తానులు పేర్చిన చోట వెనక దాక్కున్నాను."

గువ్వ ముక్కు తుడుచుకుంది. "దాక్కున్నావా?"

"మరి! మాస్టరు వచ్చి చూశాడు. అరవలేదు. 'ముప్పై రెండు వద్దమ్మా, ఒక్క కాలరు కోసివ్వు' అన్నాడు. కోశాను. చెయ్యి తెగలేదు, గుడ్డా పాడవలేదు."

"అన్నీ అయ్యాయా?"

"ఎక్కడయ్యాయి! ఇరవై ఆరే అయ్యాయి. మిగిలిన ఆరుగురూ పాత చొక్కాలు వేసుకుని వెనక వరసలో నడిచారు. మిన్ను విరిగి మీద పడలేదు. ఇంతకీ నీకెన్ని ముక్కలున్నాయి?"

"ఇరవై రెండు చాప్టర్లు."

"పదిహేడు రోజులు. ఇంకో పేపరు కూడా ఉంది. అంటే ఇరవై రెండూ కావు. కావని ముందే ఒప్పేసుకో. ఇప్పుడు చెప్పు, ఏవి లేకపోతే పని అసలు నడవదో."

గువ్వ కళ్లు తుడుచుకుని విషయ సూచిక తెరిచింది. ఆ టెస్టు తర్వాత ఆమె తెరిచిన మొదటి పేజీ అదే. చెయ్యి, కాలు, వెన్ను అని వేలు పెట్టి చూపించింది.

"చేత్తో మొదలుపెడదాం" అంది నాన్నమ్మ. "నా చెయ్యి ఖాళీగానే ఉంది."

మర్నాటి నుంచి ఇంట్లో ఒక విచిత్రమైన పాఠశాల నడిచింది. సుద్ద గీతలు బాగా కనబడతాయని నాన్నమ్మ కొడుకు పాత నల్ల చొక్కా తొడుక్కుని స్టూలు మీద కూర్చునేది. కుట్టుపెట్టెలో మిగిలిన సుద్దముక్కతో గువ్వ ఆ చొక్కా చేతి మీద కండరాలు గీసి పేర్లు చెప్పేది. పేరు తప్పితే నాన్నమ్మకు తెలియదు. కానీ గువ్వ నీళ్లు నమిలితే మాత్రం ఇట్టే పట్టేసేది. "ఆ గీత దగ్గర నీ సుద్ద ఆగింది. మళ్లీ చెప్పు" అనేది.

మణికట్టులో ఎనిమిది ఎముకలుంటాయని విని ఆశ్చర్యపోయింది. "కాజాలు కుట్టేటప్పుడు ఇవన్నీ ఆడేవన్నమాట! ఒక్కదానికైనా కృతజ్ఞత చెప్పుకోలేదే నేను."

గువ్వ ఎన్నాళ్ల తర్వాతో నవ్వింది.

అయిదో రోజు భుజం. సుద్దతో భుజం చుట్టూ గీసి, "చెయ్యి పక్కనుంచి పైకెత్తు నాన్నమ్మా, ఏ కండరం లేస్తుందో చూస్తాను" అంది.

నాన్నమ్మ ఎత్తింది. చెయ్యి రొమ్ము ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. భుజం మాత్రం చెవిదాకా లేచింది.

"ఇంకా పైకి."

"కొట్లో ఉన్న సరుకు ఇంతేనమ్మా."

"ఇంతేనా?"

"డెబ్బై దగ్గర పడ్డాయి. ఇంకెంత లేస్తుంది?"

గువ్వ సుద్ద కింద పెట్టింది. వెనక్కి వెళ్లి రెక్క ఎముక మీద అరచెయ్యి ఆనించి మళ్లీ ఎత్తమంది. చెయ్యి లేవకముందే ఎముక కదిలిపోతోంది. తానే మోచెయ్యి పట్టుకుని మెల్లగా లేపి చూసింది. రాలేదు. మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటకు తిప్పబోతే నాన్నమ్మ పెదవి కొరుక్కుంది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"చలికాలం ముందు నుంచి."

గువ్వ ఆవిడ తల వైపు చూసింది. నడుం దాకా ఉండే జుట్టును మెడ దాకా కత్తిరించుకుని వచ్చినప్పుడు, ఈ వయసులో జడెందుకని నవ్వేసింది నాన్నమ్మ. ఇంట్లో అందరూ బాగుందన్నారు.

"అందుకేనా జుట్టు తీయించుకున్నావు?"

"చెయ్యి వెనక్కి పోతే కదా జడ అల్లుకోవడానికి."

"మరి ఎందుకు చెప్పలేదు నాన్నమ్మా?"

"నువ్వెందుకు చెప్పలేదో, అందుకే."

గువ్వ ఆ చొక్కా మీది సుద్దను చేత్తో దులిపింది. తర్వాత గువ్వ పుస్తకం తీసుకుని భుజం చాప్టరు మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్లీ చదివింది. అర్థం కాని చోట లేచి వెళ్లి నాన్నమ్మ భుజం తడిమి చూసి వచ్చింది. చదవడం ముగిశాక గానీ మేడమ్ మాట ఈసారి వినిపించలేదన్న సంగతి గుర్తుకు రాలేదు.

మర్నాడు నాన్నమ్మను కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ పూట అక్కడ రోగులను చూసేది అనాటమీ మేడమే. గువ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాన్నమ్మే ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది, రోగి ఎవరో తెలియనట్టు.

మేడమ్ భుజాన్ని అన్ని వైపులా కదిపి చూసింది. "కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుందమ్మా. అది బిగుసుకుపోయింది. టైము పడుతుంది కానీ వ్యాయామాలు చేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. ఇంత ఆలస్యంగానా రావడం? ఎవరు కనిపెట్టారు?"

నాన్నమ్మ గడ్డంతో మనవరాలి వైపు చూపించింది.

"ఏ కదలిక బాగా తగ్గింది?" మేడమ్ గువ్వను అడిగింది.

"బయటకు తిప్పడం, మేడమ్. ఆ తర్వాత పక్కనుంచి ఎత్తడం."

మేడమ్ తలూపింది. "పరీక్షకు ఎలా చదువుతున్నావు?"

'బాగానే' అన్న మాట నోటిదాకా వచ్చింది. గువ్వ దాన్ని మింగేసింది. "అయిదు రోజుల క్రితం మొదలుపెట్టాను మేడమ్. పదకొండు మార్కులు వచ్చాక పుస్తకం తెరవలేకపోయాను."

మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ రోజు నేనన్న మాట నీకు అలా తగిలిందా? బాగా రాయగలవనుకున్నానంటే, ఇప్పటికీ అనుకుంటున్నానని." పెన్ను తీసుకుని చీటీ వెనక ఏడు చాప్టర్ల పేర్లు రాసింది. "ముందు ఇవి చదువు. టైము మిగిలితే మిగతావి. మిగలకపోతే వదిలెయ్. రాత్రి నిద్ర మాత్రం వదలకు."

మరునాడు పొద్దున తండ్రి గుమ్మం దగ్గర ఒక బూటు తొడుక్కున్నాడు.

"ముప్పావు కాదు నాన్నా" అంది గువ్వ, ఆయన అడగకముందే. "అన్నీ కలిపి నాలుగు చాప్టర్లు. ఇంతకుముందు చెప్పిందంతా అబద్ధం."

తండ్రి రెండో బూటు చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయాడు.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. చదవనందుకు కాదు. ఒక్కదానివే అంత మోసినందుకు." రెండో బూటు తొడుక్కుంటూ, "ఇప్పుడు నేనేం చెయ్యాలి చెప్పు" అన్నాడు.

గువ్వ ఫోను తెచ్చి ఇచ్చింది. "దీన్ని తీసుకెళ్లిపో. గ్రూపు చూస్తే నా చేతులాడవు."

ఆ ఫోను పదిరోజులు పనిముట్ల సంచిలో లిఫ్టులెక్కి దిగింది. సాయంత్రం ఇంటికొచ్చి తండ్రి వార్తలు చదివినట్టు చెప్పేవాడు. "మీవాళ్లకి మూడో రివిజన్ కూడా అయిందట. ఎవరికో గుండె దడట. నాలుగో అంతస్తులో నాకూ వచ్చింది, అది వేరే సంగతి."

రోజుకు రెండు పాఠాలయ్యాయి. కొన్ని రోజులు ఒకటే అయింది. ఫిజియాలజీకి రాత్రిపూట మిగిలిన గంటే దక్కేది. ఒక రోజు ఏమీ కాలేదు, తలనొప్పితో పడుకుంది. గంటకోసారి నాన్నమ్మ గోడ దగ్గర నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించేది, మేడమ్ చెప్పినట్టు. గువ్వ పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడేది. ఒకరికి నొప్పొస్తే ఇంకొకరు ఆగేవారు.

అనాటమీ పరీక్ష రోజు పేపరు చేతికి రాగానే గువ్వకు అంతా తెల్లకాగితమైపోయింది. మొదటి ప్రశ్న వదిలేసిన చాప్టర్లలోది. చుట్టూ పెన్నులు గరగరా నడుస్తున్నాయి. ఆమె బల్ల కింద కుడిచేత్తో ఎడమ ముంజేతిని పట్టుకుంది. మణికట్టు తడిమింది. ఎనిమిది ఎముకలు. ఒక్కొక్కటే పేరు పెట్టి పిలిచింది. ఎనిమిదీ పలికాయి. అప్పుడు పేజీ తిప్పి నాలుగో ప్రశ్నతో మొదలుపెట్టింది. మొదటిదీ, ఆరోదీ ఖాళీగానే మిగిలాయి. అన్నిటికంటే బాగా వచ్చిన భుజం గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. బయటికొచ్చి నాన్నమ్మకు ఆ మాట చెబితే, "వాళ్లకేం తెలుసు నా భుజం విలువ!" అంది.

నెలన్నరకు ఫలితాలొచ్చాయి. అనాటమీలో నూటికి యాభై ఆరు. ఫిజియాలజీ నాలుగు మార్కుల్లో పోయింది.

గువ్వ కాలేజీ మెట్ల మీద నిలబడి ముందు తల్లికి ఫోను చేసి చెప్పింది. తల్లి కౌంటరులో ఉన్నట్టుంది, గొంతు తగ్గించి, "ఏడవకు, మధ్యాహ్నం నేను వస్తాను" అంది. తర్వాత తండ్రికి చేసింది. "ఒకటి గట్టెక్కాను నాన్నా, ఒకటి పోయింది" అంటూ మెట్టు మీద కూర్చుంది.

"మళ్లీ ఎప్పుడు రాయాలి?"

"రెండు నెలల్లో."

"సరే తల్లీ. ఇప్పుడు లిఫ్టు నెత్తి మీద నిలబడున్నాను. దిగి మాట్లాడతాను."

నాన్నమ్మ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని వ్యాయామానికి తన పేరు పిలుస్తారని ఎదురుచూస్తోంది. గువ్వ వెళ్లి పక్కన కూర్చుని చెప్పింది. రెండు కన్నీటి చుక్కలు రాలాయి. నాన్నమ్మ వాటిని బాగున్న చేత్తో తుడిచింది.

"ఆ పోయినదాంట్లో ఏముంటుందే?"

"గుండె ఎలా కొట్టుకుంటుంది, రక్తం ఎటు వెళ్లి ఎటు వస్తుంది, ఊపిరి... అలాంటివి."

"వాటికి సుద్దముక్క సరిపోదే. నన్ను కొయ్యాలి."

గువ్వ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే నాన్నమ్మ మణికట్టు తీసుకుని బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి నాడి పట్టింది. గోడ గడియారం చూస్తూ పెదవులు కదిలించింది. నాన్నమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"ఊపిరి పీల్చు నాన్నమ్మా, నేనేం చెప్పలేదు ఆపమని."

"ఎంత?"

"డెబ్బై నాలుగు."

"బాగుందా?"

"బాగుంది" అంది గువ్వ. పేరు పిలిచేదాకా ఆ చెయ్యి వదల్లేదు.